4 టీబీ డిస్క్ 465 జీబీగా కనిపించినప్పుడు

యూఎస్‌బీ డబ్బాలోంచి తీసిన హార్డ్ డిస్క్‌ని నేరుగా మదర్‌బోర్డుకి కలిపితే లోపలి ఫైళ్లు కనిపించాలి కదా. డిస్క్ తిరుగుతోంది, చప్పుడు మామూలుగానే ఉంది, డిస్క్ తన ఆరోగ్యం గురించి తాను చెప్పుకునే స్మార్ట్ రిపోర్టులో చెడిపోయిన సెక్టర్ (డిస్క్ డేటా రాసుకునే చిన్న గడి) ఒక్కటి కూడా లేదు. అయినా విండోస్ మాత్రం ‘వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి’ అంటూ ఒక మెసేజ్ పెట్టి కూర్చుంది.

డిస్క్ మా తమ్ముడిది, 4 టీబీ. డబ్బాలో ఉండే చిన్న యూఎస్‌బీ బోర్డు పోయింది, డిస్క్‌కి ఏమీ కాలేదు. ఇంటిల్లిపాది ఫోటోలు, వాడు తీసిన వీడియోల ఒరిజినల్స్ అన్నీ అందులోనే. రెండో కాపీ ఎక్కడా లేదు.

“అన్నయ్యా, ఓకే కొట్టెయ్యనా? ఫార్మాట్ అయ్యాక రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి లాగొచ్చంటున్నారు” అన్నాడు.

“అన్నవాళ్లని ముందు వాళ్ల డిస్క్ మీద చేసి చూసుకోమను” అని కేన్సిల్ కొట్టాను.

ఇలాంటప్పుడు ఆ మెసేజ్ కంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెర ఎక్కువ చెబుతుంది. అందులో మొదట 465 జీబీ పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం), పక్కన ‘రా’ అని ఉంది, అంటే లోపలేముందో విండోస్‌కి అర్థం కాలేదని. దాని తర్వాత 1582 జీబీ ఖాళీ. ఆ పైన 1678 జీబీ మరో ముక్క, అదీ ఖాళీయే. తమ్ముడేమో డిస్క్ అంతా ఒకటే పార్టిషన్ అంటున్నాడు. 4 టీబీ అంటే విండోస్ లెక్కలో 3726 జీబీ. దాన్ని 8తో భాగిస్తే 465 పైచిలుకు. చెడిపోయిన డిస్క్ అడ్డదిడ్డంగా ఏదో ఒకటి చూపిస్తుంది గానీ, ఇంత కచ్చితంగా ఎనిమిదో వంతు చూపించదు. డిస్కుల్లో వాడే రెండు సెక్టర్ సైజులు 4096, 512 బైట్లు. 4096ని 512తో భాగించినా 8 వస్తుంది. అక్కడితో నా టెన్షన్ సగం తగ్గింది.

కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. చాలా ఏళ్లపాటు హార్డ్ డిస్క్ సెక్టర్ అంటే 512 బైట్లే. తర్వాత తయారీ కంపెనీలు 4096 బైట్ల సెక్టర్లకి మారాయి. డెస్క్‌టాప్, లాప్‌టాప్‌ల కోసం తెచ్చే కొత్త మోడళ్లన్నీ 2011 జనవరి నుంచి ఇలాగే ఉండాలని తమ సంఘం ఐడెమా ద్వారా అనుకున్నాయి. కానీ అప్పటికే ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా 512 లెక్క మీద నడుస్తోంది. అందుకని డిస్క్ లోపల 4096గా రాసుకుంటూ, బయటికి మాత్రం ‘నా సెక్టర్ 512’ అని చెప్పే పద్ధతి పెట్టారు. లోపలిది ఫిజికల్ సైజు, బయటికి చెప్పేది లాజికల్ సైజు. ఈ రకాన్ని 512ఈ అంటారు. లోపలా బయటా 4096 అయితే అది 4కేఎన్. రెండూ 512 అయితే 512ఎన్.

క్లోనింగ్, అంటే ఒక డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఇంకోదాని మీదికి దింపడం, చేసేటప్పుడు కొంప ముంచేది లాజికల్ సైజే. ఫిజికల్ సైజు తేడా ఉంటే పని నెమ్మదిస్తుందంతే. ఉదాహరణకి ఎక్స్‌పీ రోజుల్లో మొదటి పార్టిషన్ 63వ సెక్టర్ దగ్గర మొదలయ్యేది. అలాంటి డిస్క్‌ని 512ఈ డిస్క్ మీదికి ఉన్నదున్నట్టు దింపితే అన్నీ తెరుచుకుంటాయి, కానీ రాసేటప్పుడు చాలాసార్లు డిస్క్ ఒక 4096 ముక్కని చదివి, అందులో కొంత దిద్ది, తిరిగి రాయాల్సి వస్తుంది. విస్టా నుంచి మొదటి పార్టిషన్‌ని 2048వ సెక్టర్ దగ్గర, అంటే సరిగ్గా 1 ఎంబీ దగ్గర పెట్టడం మొదలయ్యాక ఆ గొడవ తగ్గింది. లాజికల్ సైజు తేడా అలా కాదు. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే పార్టిషన్ టేబుల్లో రాసేది బైట్లలో కాదు, సెక్టర్ నంబర్లలో. ఒకరి మూరతో కొలిచి రాసుకున్న పొలం హద్దుల్ని ఇంకొకరి మూరతో వెతికినట్టు ఉంటుంది: కాగితం పదిలంగానే ఉంది, అంకెలూ చెరగలేదు, హద్దు రాయి మాత్రం అక్కడ ఉండదు.

మరి 512 అని చెప్పే డిస్క్ మీద 4096 లెక్కతో ఎవరు రాశారు? ఆ యూఎస్‌బీ బోర్డే. ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ టేబుల్లో సెక్టర్ నంబరుకి 32 బిట్లే చోటు. 512తో గుణిస్తే 2 టీబీ దాటి పోలేం. కొత్త రకం టేబుల్ జీపీటీ వాడితే ఈ హద్దు లేదు గానీ, 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ డిస్కులు అర్థం కావు. అందుకని పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కులు చేసినవాళ్లలో కొందరు ఓ ఉపాయం చేశారు. మధ్యలో ఉన్న బోర్డు ఎనిమిది సెక్టర్లని కలిపి ఒకటిగా చూపించి, కంప్యూటర్‌కి ‘నా సెక్టర్ 4096’ అని చెబుతుంది. అప్పుడు అదే 32 బిట్లతో 16 టీబీ దాకా వెళ్లొచ్చు. అంటే డిస్క్ లోపల డేటా రాసే పళ్లెం మీద 4096, దాన్ని డిస్క్ 512 అంటుంది, దాన్ని మళ్లీ బోర్డు 4096 అంటుంది. బోర్డు ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఇబ్బంది లేదు. బోర్డు పోతే మధ్యలో అనువాదం చేసేవాడు పోయినట్టే.

ఇదంతా ఊహ. రుజువు చూడాలి. లైవ్ యూఎస్‌బీ మీద లినక్స్ ఎక్కించి బూట్ చేశాను. ప్లగ్ చేసిన డిస్కుల్ని తనంతట తాను మౌంట్ చేసే (ఫైళ్లు కనిపించేలా తెరిచే) సెట్టింగ్ ఆపేశాను. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి లాజికల్, ఫిజికల్ సెక్టర్ కాలమ్‌లు చూపించమని అడిగితే 512, 4096 అంది. అంటే 512ఈ డిస్క్. విండోస్‌లోనే చూడాలంటే ఎఫ్ఎస్‌యుటిల్ కమాండ్ ఇవే రెండు అంకెలు చెబుతుంది.

తర్వాత బైట్లని ఉన్నవున్నట్టు చూపించే హెక్స్ వ్యూయర్‌లో డిస్క్ మొదలు తెరిచాను. చదవడానికి మాత్రమే, రాసే అనుమతి లేకుండా. మొదటి 512 బైట్ల చివర 55 ఏఏ అనే ముగింపు గుర్తు ఉంది, కాబట్టి ఎంబీఆర్ బాగానే ఉంది. 446వ బైట్ దగ్గర మొదటి పార్టిషన్ వివరం మొదలవుతుంది, అందులో ఎనిమిది బైట్లు దాటాక మొదలు సెక్టర్ నంబరు. అక్కడ 00 01 00 00 అని ఉంది. చిన్న బైట్ ముందు వచ్చే పద్ధతి కాబట్టి అది 256. దాని పక్కనే పార్టిషన్ పొడవు, 97 కోట్ల 67 లక్షల పైచిలుకు సెక్టర్లు. డిస్క్ తన గురించి తాను చెప్పే మొత్తం 781,40,37,168 సెక్టర్లు. దాన్ని 8తో భాగిస్తే 97,67,54,646. రెండూ దగ్గర దగ్గర సరిపోయాయి.

256ని 512తో గుణిస్తే 1,31,072వ బైట్. అక్కడికి వెళ్తే అన్నీ సున్నాలే. విండోస్ వెతికింది అక్కడే, దానికి ఏమీ దొరకలేదు, అందుకే ‘రా’ అంది. అదే 256ని 4096తో గుణిస్తే 10,48,576. ఆ చోటికి దూకగానే ఈబీ 52 90, ఆ వెంటనే విండోస్ ఫైల్ సిస్టమ్ పేరు ఎన్‌టీఎఫ్ఎస్ అన్న నాలుగు అక్షరాలు. ఇక్కడ ఇంకొంచెం ఆగి చూడడం మంచిది. బూట్ సెక్టర్, అంటే పార్టిషన్ మొదటి సెక్టర్, మొదలు నుంచి 11వ స్థానంలో రెండు బైట్లు ‘నా సెక్టర్ ఎంత’ అన్నది చెబుతాయి. మామూలు డిస్కులో అక్కడ 00 02 ఉంటుంది, అంటే 512. ఇక్కడ 00 10 ఉంది, అంటే 4096. దాని తర్వాతి బైట్ ఒక క్లస్టర్‌లో (ఫైళ్లకి చోటు కేటాయించే కనీస ముక్కలో) ఎన్ని సెక్టర్లో చెబుతుంది. మామూలుగా 08 ఉండే చోట 01 ఉంది. క్లస్టర్ ఎలాగైనా 4096 బైట్లే, లెక్క చెప్పిన తీరే వేరు.

హెక్స్‌లో ఇలా చదవగలిగే అక్షరాలు కనబడడం ఇంకో రకంగా కూడా ఊరట. కొన్ని డబ్బాల్లో ఆ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. అప్పుడు పళ్లెం మీద అంతా అర్థంలేని బైట్లే కనిపిస్తాయి, అదే రకం బోర్డు దొరికితే తప్ప దారి లేదు. కొన్ని చిన్న పోర్టబుల్ డిస్కుల్లో అయితే మదర్‌బోర్డుకి కలిపే సాటా సాకెట్టే ఉండదు, యూఎస్‌బీ పోర్టు డిస్క్ సర్క్యూట్ మీదే ఉంటుంది.

స్నేహితుడి దగ్గర డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే ఓ డాక్ ఉంటే అదీ పెట్టి చూశాం. అది 512 అనే చెప్పింది. డాక్‌లన్నీ ఒకటి కావు. కొన్ని ఎప్పుడూ 512 చెబుతాయి, కొన్ని 2 టీబీ దాటిన డిస్క్ పెడితేనే 4096కి మారతాయి. అదృష్టం బాగుండి అలాంటిది దొరికితే డిస్క్ వెంటనే తెరుచుకునేది. కానీ అదృష్టం మీద ఆధారపడే పని ఎందుకని ఇమేజ్ (డిస్క్ మొత్తాన్నీ ఒక ఫైల్‌గా దింపుకోవడం) దారి పట్టాను.

డిస్క్ ఆరోగ్యంగానే ఉంది కాబట్టి ఇమేజ్ తీయకుండా నేరుగా దాని మీదే పని చెయ్యొచ్చు. అయినా ఒకే కాపీ ఉన్నప్పుడు ముందు ఇమేజ్ తీశాకే మిగతాది. డీడీరెస్క్యూ వాడాను. దెబ్బతిన్న చోటు తగిలితే అక్కడే తల బాదుకోకుండా ముందుకెళ్లి, ఎక్కడెక్కడ చదివిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇమేజ్ పెట్టే డిస్క్ 4 టీబీ కంటే పెద్దది కావాలి, దాని ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 కాకూడదు, అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటదు. ఇంత పెద్ద డిస్క్ సెకనుకి 150 ఎంబీ చొప్పున చదివినా ఏడు గంటలు దాటుతుంది. పైగా లోపలి ట్రాక్‌ల వైపు వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది. రాత్రి పెట్టి పడుకోవాల్సిన పని.

ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. ఇలా తీసిన రా ఇమేజ్ ఫైల్లో సెక్టర్ సైజు ఎంతో ఎక్కడా రాసి ఉండదు. అది ఉట్టి బైట్ల వరుస. ఏడాది తర్వాత ఆ ఫైల్‌ని తెరిచినవాడికి అది 512 లెక్కదో 4096 లెక్కదో తెలిసే దారి మళ్లీ హెక్స్‌లో వెతుక్కోవడమే. అందుకని ఫైల్ పేరులోనే 4096 అని పెట్టాను, పక్కన ఓ టెక్స్ట్ ఫైల్లో డిస్క్ మోడల్, సెక్టర్ల సంఖ్య రాసి ఉంచాను. విండోస్‌లో తెరవడానికి వీలుగా వర్చువల్ డిస్క్ ఫార్మాట్‌లో పెడదామనుకునేవాళ్లకి: పాత వీహెచ్‌డీ 512 లెక్కకే కట్టుబడింది. వీహెచ్‌డీఎక్స్ అయితే 4096 లాజికల్ సెక్టర్ కూడా తీసుకుంటుంది, ఆ సైజుని తన లోపలే రాసుకుంటుంది కూడా.

ఇక అసలు పని. లినక్స్‌లో ఒక ఫైల్‌ని డిస్క్‌లా చూపించే లూప్ డివైస్ ఉంది కదా, దాన్ని కట్టే లోసెటప్ కమాండ్‌కి సెక్టర్ సైజు ఇంత అని చెప్పే ఆప్షన్ ఉంది. కెర్నల్ 4.14 నుంచి ఇది పనిచేస్తుంది. ఇమేజ్ ఫైల్ ఇచ్చి, సెక్టర్ సైజు 4096 అని చెప్పి, రీడ్ ఓన్లీ అని చెప్పి, పార్టిషన్లు కూడా వెతకమన్నాను. చచ్చిపోయిన బోర్డు ఇన్నాళ్లూ చేసిన పనే ఇప్పుడు ఒక కమాండ్ చేస్తోందన్నమాట. మళ్లీ ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే లూప్ డివైస్ కింద ఒకటే పార్టిషన్, 3.6 టీబీ. దాన్ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాను. ఫోల్డర్లు అన్నీ పేర్లతో సహా బయటపడ్డాయి. పక్కనే కూర్చున్న తమ్ముడు ఒక్కో ఫోల్డర్ తెరుస్తూ “ఇదీ ఉంది, ఇదీ ఉంది” అంటూనే ఉన్నాడు. నేనైతే అటూ ఇటూ కొన్ని పెద్ద వీడియోలు చివరిదాకా తిప్పి చూశాను, ఫైల్ పేరు కనిపించినంత మాత్రాన లోపల సరిగ్గా ఉందని కాదు కదా.

ఒకటే పార్టిషన్ ఉన్నప్పుడు ఇంకా అడ్డదారి కూడా ఉంది. 10,48,576 బైట్లు వదిలేసి అక్కడి నుంచి మౌంట్ చేయమని చెబితే లినక్స్ చాలావరకు తెరిచేస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ సెక్టర్ సైజు, డిస్క్ సెక్టర్ సైజు వేరుగా ఉన్నాయని కెర్నల్ ఓ హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. విండోస్ అంత ఉదారంగా ఉండదు. బూట్ సెక్టర్‌లో రాసిన సైజు, డిస్క్ చెప్పే సైజు ఒకటే కావాలని దాని పట్టు. అందుకే పార్టిషన్ టేబుల్లోని అంకెల్ని 8తో గుణించి దిద్దేస్తే చాలు అనే సలహా సగమే నిజం. పార్టిషన్ దాని సరైన చోట కనిపిస్తుంది, అయినా విండోస్‌లో తెరుచుకోదు. పైగా 97 కోట్లని 8తో గుణిస్తే ఎంబీఆర్‌లోని 32 బిట్లలో పట్టనే పట్టదు, జీపీటీగా మార్చాల్సిందే. ఆపైన బూట్ సెక్టర్‌లో సెక్టర్ సైజు, క్లస్టర్‌కి సెక్టర్లు, మొత్తం సెక్టర్ల సంఖ్య అన్నీ పొందికగా దిద్దాలి. ఒకే కాపీ ఉన్న డిస్క్ మీద ఆ పని నేను చెయ్యను, ఎవరినీ చెయ్యమనను.

ఇప్పుడు కొత్త డిస్క్ సంగతి. తమ్ముడు కొన్నది కంప్యూటర్ లోపల పెట్టుకునే 512ఈ డిస్క్. పాతదాన్ని కొత్తదాని మీదికి సెక్టర్ టు సెక్టర్ క్లోన్ చేస్తే చిక్కు కూడా యథాతథంగా దిగుతుంది, మళ్లీ ఎనిమిదో వంతే కనిపిస్తుంది. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా, బైట్లని ఉన్నవున్నట్టు దింపమంటే అది చేసేది అంతే. కాబట్టి కొత్త డిస్క్‌లో జీపీటీ పెట్టి, ఫ్రెష్‌గా ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ చేసి, మౌంట్ చేసిన ఇమేజ్ నుంచి ఆర్‌సింక్‌తో ఫైళ్లు కాపీ చేశాను. ఫైల్ స్థాయిలో కాపీ చేస్తే ఏ సెక్టర్ సైజు నుంచి ఏ సైజుకైనా వెళ్లొచ్చు, ఎందుకంటే అక్కడ సెక్టర్ నంబర్లు ఎవరికీ అక్కర్లేదు. కాపీ అయ్యాక చెక్‌సమ్‌లతో (ఫైల్ లోపలి బైట్ల నుంచి లెక్కగట్టే సంఖ్యలతో) ఇంకోసారి పోల్చాను. పాత డిస్క్‌ని నేరుగా సాటాకి కలిపి, టేబుల్ తుడిచి, జీపీటీ పెట్టి రెండో కాపీకి వాడుకోమన్నాను.

డేటా డిస్క్ కాబట్టి ఇలా సాగింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్‌తో ఫైల్ కాపీ అంత సులువు కాదు. తర్వాత నా లాప్‌టాప్‌కి పెద్ద ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ వేసుకునేటప్పుడు క్లోన్ చేసే ముందు ఈ అంకెలే చూశాను. కొన్ని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు 512, 4096 రెండు ఫార్మాట్లూ ఇస్తాయి, ఇప్పుడు ఏది వాడుతోందో, ఏది మేలో కూడా ఎన్‌వీఎంఈ టూల్ చూపిస్తుంది. నాది 512లో ఉంది, 4096 అయితే ‘బెటర్’ అంటోంది. మార్చేద్దామా అనిపించింది. ఆ మార్పు డ్రైవ్ మొత్తాన్ని తుడిచేస్తుంది, అది పర్లేదు, కొత్త డ్రైవే కదా. కానీ పాత డ్రైవ్ 512.

అలా మార్చి క్లోన్ చేస్తే ఏమయ్యేదో చూడండి. జీపీటీ హెడర్ ఎప్పుడూ రెండో సెక్టర్‌లో ఉంటుంది. 512 లెక్కలో అది 512వ బైట్. 4096 లెక్కలో కంప్యూటర్‌ని బూట్ చేసే ఫర్మ్‌వేర్ దాన్ని 4096వ బైట్ దగ్గర వెతుకుతుంది. పాత డ్రైవ్‌లో ఆ చోట ఉండేది పార్టిషన్ల జాబితాలో 25వ గడి, మామూలుగా ఖాళీ. అంటే ఫర్మ్‌వేర్‌కి హెడర్ బదులు సున్నాలు దొరుకుతాయి, డ్రైవ్ ఖాళీ అనుకుంటుంది. పార్టిషన్ టేబుల్‌ని ఎవరైనా దిద్దిపెట్టినా సీ డ్రైవ్ బూట్ సెక్టర్‌లో 512 అనే ఉంటుంది. ఇక బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ ఫ్యాట్32. దానికి కనీసం 65,525 క్లస్టర్లు ఉండాలి. క్లస్టర్ 4096 కంటే చిన్నది కాలేదు కాబట్టి 4కేఎన్ డిస్క్ మీద ఆ పార్టిషన్‌కి కనీసం 260 ఎంబీ ఇమ్మంటుంది మైక్రోసాఫ్ట్. నా పాత డ్రైవ్‌లో అది 100 ఎంబీయే.

లినక్స్ వాడేవాళ్లకి కొంత నయం. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 బ్లాక్ 4096 అయితే దానికి కింది సెక్టర్ సైజుతో పేచీ లేదు, పార్టిషన్ టేబుల్ ఒక్కటి కొత్తగా రాసుకుంటే సరిపోతుంది. మరో ఫైల్ సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ మాత్రం తయారైనప్పటి సెక్టర్ సైజుని తనలోనే రాసుకుంటుంది. 512తో చేసినదాన్ని 4096 డిస్క్ మీద పెడితే మౌంట్ కానంటుంది.

కాబట్టి కొత్త డ్రైవ్‌ని 512లోనే ఉంచి క్లోన్ చేశాను, మొదటిసారికే బూట్ అయింది. 4096తో వచ్చే వేగం తేడా మామూలు వాడకంలో నాకు కనిపించేంత ఉంటుందని అనుకోను. ఎప్పుడైనా సిస్టమ్‌ని మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసే రోజు వస్తే, ఇన్‌స్టాలర్ పెట్టే ముందే ఆ ఫార్మాట్ మార్చుకుంటాను. అప్పుడు ఈఎఫ్ఐ పార్టిషన్ సైజు సంగతి ఇన్‌స్టాలరే చూసుకుంటుంది.